సమస్య: ‘గాలి వీచినంత కాలెనొడలు’

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీరు పూరించాలి. మలయమారుతం సోకి విరహిణి ఒళ్లు కాలిందని పూరించడం మనకు వెన్నతో పెట్టిన విద్య కాబట్టి ఆ దారి మూసేశాను. నా ల్యాప్‌టాప్ ఫ్యాను వారం రోజులుగా పిండిమరలా మోగుతోంది. వస్తువు అదే.

తూనిగ:
పరుపు మీద పెట్టి పనిజేయుచుండగా
అడుగు బెజ్జములకు నడ్డు దూది
పంక తిరిగి తిరిగి పక్కవైపున వేడి
గాలి వీచినంత కాలెనొడలు

నిర్వాహకుడు: అడుగు నుంచి చల్లగాలి అందకపోతే ఫ్యాను ఎంత తిరిగినా లాభం లేదు. ‘అడ్డు దూది’ అన్న రెండు మాటల్లో అది తేల్చేశారు. ‘పంక’ దగ్గర మాత్రం కాలు దిగబడింది. పంకాను హ్రస్వం చేస్తే మిగిలేది పంకం, అంటే బురద! ‘ఫ్యాను తిరిగి తిరిగి’ అనండి. గణం (గురులఘువుల వరుస) సరిపోతుంది, ఫ్యా–ప యతీ (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కుదరడం) చెల్లుతుంది.

తూనిగ: గణం కోసం దీర్ఘం తెంచాను మాస్టారూ. దిద్దుకుంటాను.

పాతసామాను:
రేకుసందులందు రెండేండ్ల దుమ్ముండ
వేడి పోవుదారి వెదుకుచుండె
మూత దీసి నేను ముఖమడ్డు పెట్టగా
గాలి వీచినంత కాలెనొడలు

కిందటి ఆదివారం స్వయంగా మరమేకులు విప్పి చూశాను. ఫ్యానుకూ వేడిని వదిలే రేకులకూ మధ్య దుమ్ము పేరుకుని, కంబళి ముక్కలా ఒక్క పట్టున ఊడి వచ్చింది. ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా పుల్ల అడ్డుపెట్టండి. లేకపోతే ఫ్యాను హద్దు మీరి తిరిగి బేరింగు పాడవుతుంది.

కరివేపాకు: రెండో పాదం బంగారం. కానీ అడ్డుపెట్టింది ముఖం, కాలింది ఒడలా?

నిర్వాహకుడు: నిజమే, మూడో పాదం తొందరలో వచ్చింది. ‘ఒడిని పెట్టుకొనగ నుడుకెత్తి యావైపు’ అంటే అన్వయం కుదురుతుంది.

కొత్తచిగురు: నేను ‘ల్యాప్‌టాప్‌ను ఒడిలో’ అని మొదలుపెట్టాను. పద్యం అడుగు ముందుకు వేయడం లేదు.

నిర్వాహకుడు: మొదట్లోనే గురువు వెంట గురువు వస్తే సూర్యగణం (గలం అనే గురువు-లఘువు జంట, లేదా మూడు లఘువులు) ఎలా పడుతుంది? ‘ల్యాపుటాపు’ అని అజంతం (అచ్చుతో ముగిసేలా) చేయండి, రెండు గలాలు వాటంతట అవే వచ్చి నిలబడతాయి. ‘ల్యాపుటాపు నొడిని లాలించుచున్నంత’ – ఇది మూడో పాదంగా ఉంచుకుని, పైన రెండు మీరే అల్లండి.

మందులచీటీ: లాలిస్తే నిజంగానే కాలుతుంది. 12 ఏళ్ల బాలుడి ఎడమ తొడపై వల అల్లినట్టు మచ్చ వచ్చిన సంగతిని 2010లో స్విట్జర్లాండ్ వైద్యులు ప్రకటించారు. నెలల తరబడి రోజూ గంటలకొద్దీ ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకుని ఆటలాడాడు. చలికాలం కుంపటి పక్కనే కూర్చునే పెద్దవాళ్ల కాళ్లపై వచ్చే మచ్చే అది.

రాత్రిపాళి:
అర్ధరాత్రి వేళ నన్నియు మూసినన్
ఈగమూక వోలె నింట మ్రోత
చాటుమాటు పనుల జల్లారకున్నట్టి
గాలి వీచినంత కాలెనొడలు

నిర్వాహకుడు: ఇంతమందిలో మోతను పట్టుకున్నది మీరొక్కరే. అప్‌డేట్లు, వైరస్ స్కానింగు, మూశాం అనుకున్నా లోలోపల నడిచే బ్రౌజరు – అన్నిటికీ కలిపి ‘చాటుమాటు పనులు’! ఈ మాట నేను దొంగిలిస్తాను. ‘పనుల జల్లారక’లో సరళాదేశం (‘చ’ ‘జ’గా మారడం), యతి రెండూ ఒకేచోట కుదిరాయి.

కరివేపాకు: చల్లారాల్సింది యంత్రం కదా, గాలి చల్లారడమేమిటి?

రాత్రిపాళి: రాత్రి రెండు గంటలకు నాకూ ఆ అనుమానం వచ్చింది. యతి దొరికాక వదలబుద్ధి కాలేదు.

గాలిపటం: నాది 2020 నాటి ఎం1 చిప్పున్న మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్. అందులో ఫ్యానే లేదు. నేనెలా పూరించాలి?

నిర్వాహకుడు: మీ ఒక్కరి కోసం విరహిణి దారి తెరుస్తున్నాను.