స్కాన్‌లో ఏమీ లేదు, సిఎ-125 మాత్రం పెరిగింది: కీమో ఇప్పుడే ఇవ్వాలా?

తంగేడు:
అమ్మకు 61 ఏళ్లు. అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్, ఆరు కీమోలు పూర్తయి 14 నెలలైంది. క్యాన్సర్ జాడ కోసం రక్తంలో చూసే సిఎ-125 అప్పట్లో 11కు దిగింది. జనవరిలో 38, ఇప్పుడు 84. ఉండాల్సింది 35 లోపు. సిటి స్కాన్‌లో ఏమీ కనిపించలేదు, అమ్మ బాగానే తిరుగుతోంది. ఒక డాక్టరు వెంటనే కీమో అంటున్నారు, ఇంకొకరు ఆగుదామంటున్నారు. నాకైతే చేతులు ముడుచుకుని కూర్చోవడం తప్పనిపిస్తోంది.

నిమ్మతోట:
ఆగమనే చెబుతాను. సరిగ్గా ఈ ప్రశ్న మీదే బ్రిటన్‌లోనూ మరికొన్ని దేశాల్లోనూ జరిగిన పరిశోధన ఫలితాలు 2010లో వచ్చాయి. సిఎ-125 పరిమితికి రెండింతలు దాటిన 529 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే కీమో, రెండో గుంపుకు లక్షణాలు బయటపడ్డాకే. మొదటివారు దాదాపు ఐదు నెలలు ముందుగా కీమో మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలేదు. నీరసం మాత్రం ముందే వచ్చిపడింది.

మా అక్క విషయంలో మేము ఆగలేదు. ఆ వేసవిలో ఆవకాయకని కాయలు తెప్పించింది, కత్తిపీట కడిగి ఆరబెట్టింది. కీమో పడ్డాక ఆవపిండి వాసనకే వాంతులు. బుట్టలో కాయలు అలాగే పండిపోయాయి.

గోదారిగట్టు:
నిమ్మతోట గారూ, చదువుతుంటే మనసు కలుక్కుమంది. అయినా ఆ ఒక్క పరిశోధనతో మాట ముగించకూడదు. కీమో ముగిసి ఆరు నెలలు దాటాక తిరగబెట్టినవారిలో తగినవారిని ఎంచి మళ్లీ ఆపరేషన్ చేసిన ఫలితాలు 2021లో వచ్చాయి. కీమో ఒక్కటే పొందినవారిలో సగం మంది 46 నెలలు దాటి బతికితే, ఆపరేషన్ కూడా అయినవారిలో సగం మంది దాదాపు 54 నెలలు దాటారు. గడ్డను పూర్తిగా తీయగలిగితేనే ఆ లాభం. పొట్టంతా పాకాక తీసేదెవరు? అందుకే ఇప్పుడే వెతకాలి.

నిమ్మతోట:
వెతకడానికి అడ్డు చెప్పను, కనబడని గడ్డకు కీమో ఎక్కించడానికే చెబుతాను. తంగేడు గారూ, ముందు అదే ల్యాబులో మళ్లీ పరీక్ష చేయించండి, ల్యాబు మారితే అంకె మారుతుంది. తర్వాత పెట్ స్కాన్ (సిటిలో కనబడనివి కొన్నిసార్లు పట్టే మరో స్కాన్) సంగతి అడగండి.

గోదారిగట్టు:
అందులో ఏదైనా కనిపిస్తే కీమో కంటే ముందు క్యాన్సర్ సర్జన్‌కు చూపించండి.

తంగేడు:
అందులోనూ ఏమీ లేకపోతే?

నిమ్మతోట:
కడుపు ఉబ్బరం, ఆకలి గమనించుకుంటూ ఆగడమే.

గోదారిగట్టు:
నేనైతే రెండు నెలలకు మళ్లీ స్కాన్ అడుగుతాను.

తంగేడు:
అమ్మ ప్రతిసారీ అంకెను క్యాలెండరులో రాసుకుంటుంది. 84 సంగతి ఇంకా చెప్పలేదు, ఈ నెల గడి ఖాళీగా ఉంది. నిన్న పెన్ను పట్టుకుని వచ్చి అడిగితే రిపోర్టు రాలేదన్నాను. ఈ రాత్రి మీరిద్దరూ చెప్పింది కూడా చెప్పి, తనకేం కావాలో అడుగుతాను.