ఆవకాయ సీసా లేబుల్: ప్రెస్‌కి ఫైలు ఎలా ఇవ్వాలి?

ఊరగాయ_జాడీ:
అర కిలో ఆవకాయ గాజు సీసాకి చుట్టూ తిరిగే స్టిక్కర్ లేబుల్. సీసా వ్యాసం 70 మి.మీ. కోరల్‌డ్రాలో 220 × 75 మి.మీ. సైజులో చేశాం, తెలుగంతా అను ఫాంట్లో. ప్రెస్ వాళ్లు "బ్లీడ్ (కటింగ్ గీత దాటి బయటికి పెంచే రంగు) లేదు, ఫాంట్ రాలేదు, రంగులన్నీ ఆర్‌జీబీలో (తెర మీది రంగుల పద్ధతిలో) ఉన్నాయి" అని ఫైలు తిప్పి పంపారు. ఆఫ్‌సెట్‌లో రెండు వేలు వేయించాలి. అచ్చు ప్లేట్లకు పంపేలోపు ఏమేం సరిచేయాలి?

ప్లేట్_రూమ్:
ఫాంట్ సంగతి ముందు చూడండి. అను ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే మీ "ఆవకాయ" పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది. మార్చుకునేందుకు ఒక కాపీ దాచుకుని, రెండో కాపీలో అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ నొక్కి కర్వ్స్ (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలు) చేయండి. ఆ తర్వాత "స్వచ్ఛమైన" లాంటి మాటల్లో ఒత్తులు జారాయేమో పెద్దది చేసి చూడండి.

రంగులు సీఎంవైకేలోకి (సయాన్, మెజెంటా, ఎల్లో, నలుపు అనే నాలుగు అచ్చు ఇంకుల్లోకి) మార్చినప్పుడు అసలు చిక్కు నలుపుతో వస్తుంది. ఆర్‌జీబీ నలుపు నాలుగు ఇంకుల మిశ్రమంగా మారుతుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా పదార్థాల జాబితాలాంటి సన్న అక్షరాల చుట్టూ రంగు అంచు తేలి, సున్నాలు, ఒత్తులు పూడుకుపోతాయి. చిన్న అక్షరాలన్నీ కే (నలుపు) 100 శాతం, మిగతా మూడూ 0 పెట్టి, ఓవర్‌ప్రింట్ (కింది రంగును ఖాళీ చేయకుండా దాని మీదే అచ్చు) ఇవ్వండి. కారం ఎరుపుకి మెజెంటా 100, ఎల్లో 100 చాలు. అందులో సయాన్ 10, 15 చేరినా ఎరుపు మసకబారుతుంది. ముదురు బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్లగా వదిలే తెలుగు అక్షరాలు మాత్రం బోల్డ్‌లోనే ఉండాలి.

వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన లోగో వాడకండి. 600 పిక్సెళ్ల వెడల్పు బొమ్మ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 51 మి.మీ. మించి రాదు.

రోల్_కటింగ్:
సైజు లెక్కలో ఒక మాట. 70 మి.మీ. వ్యాసానికి చుట్టుకొలత 220 మి.మీ. దగ్గరే వస్తుంది, కానీ గాజు సీసాలన్నీ ఒక్కలా ఉండవు. నాలుగైదు సీసాలకి కాగితం పట్టీ చుట్టి కొలవండి. చేత్తో అంటించేట్టయితే ఒకదానిపై ఒకటి ఎక్కించే బదులు 4 మి.మీ. ఖాళీ వదలడం మేలు: లేబుల్ కాస్త వంకరైనా కొట్టొచ్చినట్టు కనబడదు. అంటే కట్ సైజు 216 × 75. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ కలిపితే 222 × 81. అక్షరాలు, లోగో కటింగ్ గీతకి 3 మి.మీ. లోపలే ఉండాలి. అంచు చుట్టూ సన్న బార్డర్ పెట్టకండి, కత్తి అర మి.మీ. జరిగినా ఒక పక్క లావు, ఒక పక్క సన్నం.

మూలలు గుండ్రంగా కావాలంటే డై గీతను (కత్తి కోసే గీతను) వేరే లేయర్‌లో, వేరే స్పాట్ కలర్‌తో (నాలుగు ఇంకుల్లో కలవని విడి రంగుతో), ఓవర్‌ప్రింట్‌లో ఇవ్వండి. లేకపోతే ఆ గీత కూడా అచ్చయిపోతుంది.

ఊరగాయ_జాడీ:
కృతజ్ఞతలండి. బార్‌కోడ్, శాకాహార పచ్చ గుర్తు ఎక్కడ పెట్టాలి? ఎమ్మార్పీ, తేదీ తర్వాత కొట్టుకోవాలి.

ప్లేట్_రూమ్:
ఈఏఎన్ 13 (సరుకుల మీద ఉండే 13 అంకెల) బార్‌కోడ్ పూర్తి సైజు 37.29 × 25.93 మి.మీ., 80 శాతం కంటే తగ్గించకూడదు. గుండ్రటి సీసా కాబట్టి గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేట్టు తిప్పి పెట్టండి, వంపు వల్ల స్కానర్ తడబడదు. తెల్లటి నేల మీద కే 100 గీతలు. ఎర్ర గీతలు వద్దు. స్కానర్ వెలుగూ ఎరుపే కాబట్టి దానికి అవి కనబడవు.

శాకాహార గుర్తులో చతురస్రం భుజం లోపలి చుక్క వ్యాసానికి రెట్టింపు ఉండాలి. ముందు భాగం 100 చ.సెం.మీ. లోపు అయితే చుక్క కనీసం 3 మి.మీ. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లోగో కింద 14 అంకెల లైసెన్స్ నంబర్ ఒక్కో అంకె సరిచూడండి.

ఎమ్మార్పీ, తేదీ, బ్యాచ్ కోసం 40 × 15 మి.మీ. తెల్ల జాగా వదలండి. మెరిసే ప్లాస్టిక్ పొర (గ్లాసీ లామినేషన్) మీద మామూలు స్టాంపు ఇంకు ఆరదు, నూనె చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. లామినేషన్ లేకపోతే కాగితం నూనె పీల్చి మరకపడుతుంది. అందుకని లామినేషన్ ఉంచి, తేదీని థర్మల్ ట్రాన్స్‌ఫర్‌తో (వేడితో రిబ్బన్ ఇంకు అంటించే ప్రింటర్‌తో) కొట్టించండి, ముందు పది లేబుళ్ల మీద వేసి నూనె గుడ్డతో రుద్ది చూశాక.