నాన్నగారి ఎంఎం540: పాత ప్యూజో ఇంజిన్ ఉంచాలా, డీఐ ఎక్కించాలా?

తోటబండి:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1989లో కొన్న మహీంద్రా ఎంఎం540 జీపు ఆరేళ్లుగా పాకలో పడి ఉంది. ప్యూజో డీజిల్ ఇంజిన్‌ది. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. మాకు ఏలేశ్వరం అవతల జీడిమామిడి తోట ఉంది, వానాకాలం ఆ దారిలో ఇంకే బండీ వెళ్లదు. ఆదివారాలు నేనే కూర్చుని పని మొదలుపెట్టాను. కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే కింద కోడిపెట్ట కనిపించింది, ఫ్లోర్ అంతలా తుప్పు పట్టింది. పాడైన ముక్క కోసి 16 గేజి రేకు వెల్డింగ్ పెట్టాను. మొదటి రెండు సార్లూ రేకు కాలి బొక్కలు పడ్డాయి, మూడోసారి కుదిరింది.

బాడీ సంగతి ఎలాగో చూసుకుంటాను. టెన్షన్ అంతా ఇంజిన్ గురించే. కొత్త బ్యాటరీ పెట్టి, డీజిల్ పైపుల్లో ఎయిర్ తీసి తిప్పితే స్టార్ట్ అయింది. కానీ పొద్దున పూట తెల్ల పొగ కక్కుతోంది, ఎత్తు ఎక్కుతుంటే నల్ల పొగ. మెకానిక్ చూసి, "ఈ ప్యూజో తుక్కుకి వేసేయండి, బొలెరో డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) టర్బో ఇంజిన్ ఎక్కిద్దాం, పవర్ స్టీరింగ్, ముందు డిస్క్ బ్రేకులు కూడా కలిపి లక్షా ఎనభై వేలు" అన్నాడు. అమ్మేమో "మీ నాన్న బండి చప్పుడు మారిపోతే అది ఆయన బండి ఎలా అవుతుందిరా" అంటోంది. మీరైతే ఏం చేస్తారు?

పాతఇనుము:
అమ్మగారు చెప్పిందే రైటు. నా దగ్గర 1968 సీజే-3బీ జీపు ఉంది, పెట్రోలుది. హరికేన్ ఇంజిన్, 2.2 లీటర్లు, దాని కోసమే బానెట్ ఎత్తు పెంచారు. డీజిల్ వేయమని ముప్పై ఏళ్లుగా ఊరంతా చెబుతూనే ఉంది. నేను వినలేదు. అదే ఇప్పుడు అక్కరకొచ్చింది. 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే 'వీఏ' నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చేస్తే ఆ దారి మూసుకున్నట్టే. మీ బండిలో ఉన్న 2112 సీసీ ప్యూజో ఎంత మెత్తగా నడుస్తుందో కొత్త కుర్రాళ్లకు తెలియదు. డీఐ ఎక్కించాక అద్దం మీద ఈగ కూడా వాలదు, అంత వణుకు.

మలుపురోడ్డు:
గురువుగారూ, ఆయనది 1989 బండి. మీ వింటేజ్ నంబరు కావాలంటే 2039 దాకా ఆగాలి. పైగా ఆ నంబరు తీసుకుంటే ఎగ్జిబిషన్‌కో ర్యాలీకో తప్ప రోజూ తిప్పకూడదన్నది కూడా అదే నిబంధనల్లో ఉంది. జీడిపిక్కల బస్తాలు వింటేజ్ ర్యాలీలో మోస్తాడా?

నేను మారేడుమిల్లి నుంచి గుడిస కొండకు జీపు తిప్పుతాను. తెల్లవారుజామున మూడింటికి లేవాలి, చలికాలం. ప్యూజో ఉన్నప్పుడు హీటర్ ప్లగ్‌లు వేడెక్కేదాకా తాళం తిప్పి, లెక్కపెట్టి, దేవుడికి దణ్ణం పెట్టి కొట్టేవాణ్ని. ఒక్క ప్లగ్ పోయినా తోసుడే. డీఐకి ఆ బాధ లేదు, నేరుగా సిలిండర్లోకే డీజిల్ కొడుతుంది, ప్లగ్‌ల అవసరమే ఉండదు. ఎత్తులో మొదటి గేరు నుంచి రెండోదానికి వేస్తే బండి కుంగదు. సామాను కూడా బొలెరో ఉన్న ప్రతి ఊళ్లో దొరుకుతుంది. చప్పుడు ఎక్కువ, ఒప్పుకుంటాను. కొండ మీద సగంలో ఆగిపోతే అప్పుడు చప్పుడే ఉండదు కదా.

లేత్‌మాస్టర్:
ఇద్దరూ రోగిని చూడకుండానే మందు రాసేస్తున్నారు. విజయవాడ ఆటోనగర్లో 31 ఏళ్లు ఇంజిన్ పని చేసినవాణ్ని. తోటబండి బాబూ, ముందు ఈ పని చెయ్యి. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి, బోర్లించి ఆ రంధ్రం మీదే వదులుగా పెట్టు. కొద్దిగా వణుకుతూ కూర్చుంటే బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, బాగున్నట్టే. ఎగిరి పడిపోయిందా, రింగులు, బోరు అరిగాయి, ఇంజిన్ విప్పి చేసే హాఫ్ ఇంజిన్ పని తప్పదు.

తర్వాత హీటర్ ప్లగ్‌ల మీది పట్టీ ఊడదీసి, టెస్ట్ బల్బు ఒక కొన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన ఒక్కో ప్లగ్ నెత్తికి పెట్టు. బల్బు వెలగలేదంటే ఆ ప్లగ్ చచ్చినట్టే. పొద్దున తెల్ల పొగకు నూటికి తొంభై సార్లు ఇదే కారణం. నల్ల పొగకు ఎయిర్ క్లీనర్, డీజిల్ చల్లే నాజిళ్లు, డీజిల్ పంపు, ఆ వరుసలో చూడు. ఆరేళ్లు నిలవున్న డీజిల్ ట్యాంకు అడుగున జిగురులా పేరుకుంటుంది. ట్యాంకు దించి కడగకుండా పంపు షాపుకు పోతే డబ్బు దండగ.

ఇంకొకటి. ఆ లక్షా ఎనభైలో ఇంజిన్ మౌంటింగులు కోసి ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టడం, క్లచ్, రేడియేటర్, సైలెన్సర్ పైపు, జాయింట్ షాఫ్ట్ పొడవు సరిచేయడం అన్నీ ఉన్నాయా అడిగావా? టర్బో లాగే బలానికి ఆ పాత నాలుగు గేర్ల బాక్స్ ఎన్నాళ్లు తట్టుకుంటుంది? బాక్స్ మార్చాలి, తర్వాత యాక్సిల్లోని క్రౌన్ గేరు. ముసలి ఎద్దుకి పక్కన కుర్ర ఎద్దును కట్టినట్టు ఉంటుంది.

సర్వేయరమ్మ:
నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని, ఈ కోణం కూడా చూడండి. ఇంజిన్ నంబరు, సీసీ ఆర్‌సీలో ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంజిన్ మార్చాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అనుమతి దొరుకుతుందో లేదో కనుక్కుని, ఆ తర్వాతే పాతది దించండి. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ దగ్గర మాతో పెట్టుకోవాల్సి వస్తుంది, అది మీకు అస్సలు నచ్చదు.

మలుపురోడ్డు:
అమ్మా, మా ఏజెన్సీలో సగం జీపులకు మీరు చెప్పిన సెక్షన్ పెడితే జైళ్లు చాలవు.

సర్వేయరమ్మ:
అందుకే మీ వైపు క్లెయిములంటే మాకు భయం అన్నా.

పాతఇనుము:
పవర్ స్టీరింగ్ పిచ్చి గురించి కూడా ఒక మాట. ఈ జీపులకు వచ్చినవి 6.00-16 సన్న టైర్లు. వాటితో స్టీరింగ్ చేత్తో ఆడుతుంది, బురదలో కోసుకుంటూ పోతాయి. మనవాళ్లు అందానికి ముందు వెడల్పు టైర్లు వేస్తారు, స్టీరింగ్ బరువెక్కుతుంది, దానికి పవర్ స్టీరింగ్, దాని పంపు లాగడానికి పెద్ద ఇంజిన్. టైర్ల దగ్గరే ఆగి ఉంటే మిగతా ఖర్చంతా మిగిలేది.

లేత్‌మాస్టర్:
ఇది నిజం. స్టీరింగ్ ప్లే (వదులు) ఉంటే ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు, చక్రం పక్కకు తిరిగే కింగ్ పిన్ బేరింగులు చూడాలి. కింగ్ పిన్ కింద షిమ్ములు (పల్చటి రేకులు) ఎన్ని ఉంచాలో చేత్తో ఊపి చెప్పేవాణ్ని నమ్మొద్దు. టై రాడ్ విప్పి, అది తగిలే చెవికి కూరగాయలు తూచే స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. ఎన్ని కేజీల దగ్గర కదులుతుందో ముల్లు చెబుతుంది. మాన్యువల్లో ఉన్న లెక్కకు వచ్చేదాకా షిమ్ములు తీస్తూ వేస్తూ ఉండటమే. నా మొదటి మేస్త్రి ఆ త్రాసుని అద్దాల బీరువాలో దాచేవాడు.

కానీ పాతఇనుము గారూ, బ్రేకుల విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. వాగు దాటాక డ్రమ్ముల్లో నీళ్లు నిలిచి, తొక్కితే బండి ఆగదు. డిస్కులు అయితే నాలుగు తొక్కులకు ఆరిపోతాయి. సెంటిమెంట్ అంతా బానెట్ కింద పెట్టుకోండి, చక్రాల దగ్గర వద్దు.

పాతఇనుము:
వాగు దాటాక ఎడమ కాలితో కాసేపు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోవడం రాకపోతే జీపు నడపకూడదు. 50 ఏళ్లుగా అలాగే ఆపుతున్నాను.

మలుపురోడ్డు:
అన్నీ మీలాగే నడపడం వచ్చినవాళ్ల చేతుల్లోనే ఉండవు కదా. రేపు ఈయన లేనప్పుడు పాలేరు కుర్రాడు నడుపుతాడు.

తోటబండి:
మూడు ఆదివారాల తర్వాత వస్తున్నాను. లేత్‌మాస్టర్ గారు చెప్పినట్టు మూత బోర్లించాను. వణికింది, పడలేదు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుని చూశాను. నాలుగు ప్లగ్‌లలో మూడు చచ్చాయి. ట్యాంకు దించితే అడుగున నల్లటి తారు, అందులో ఒక కందిరీగల గూడు ముక్క. ఎలా వెళ్లిందో తెలియదు. ట్యాంకు కడిగి, ప్లగ్‌లు మార్చి, నాజిళ్లు, పంపు షాపులో ఇచ్చాను. అన్నీ కలిపి ముప్పై వేల లోపే. తిరిగి బిగించాక నాజిల్ నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాను. మొదట నురుగు, తర్వాత బుడగల్లేని డీజిల్. నట్టు బిగించగానే అందుకుంది. అమ్మ వంటింట్లోంచి చేతికి పిండితో వచ్చి గుమ్మంలో నిలబడింది, ఏమీ అనలేదు.

ఇంజిన్ ఉంచేస్తున్నాను. 20 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే 10,000 అంటున్నారు, అక్కడ ఇంజిన్ నంబరు తేడా తలనొప్పి కూడా ఎందుకు? టైర్లు సన్నవే. డిస్కుల సంగతి ఇంకా తేల్చుకోలేదు, సర్వేయరమ్మ గారు ఆర్టీవో ఆఫీసులో అడిగి చేయమన్నారు, అడుగుతాను. ఈలోగా నాలుగు చక్రాలకూ కొత్త బ్రేక్ వీల్ సిలిండర్లు, లైనర్లు వేస్తున్నాను.

మలుపురోడ్డు:
సరే తమ్ముడూ, ఓడిపోయాను. డిసెంబర్లో గుడిస రా. పైన టీ తాగుతూ ఉంటాను, నువ్వు మొదటి గేర్లో నిదానంగా వచ్చెయ్.

తోటబండి:
వస్తాను అన్నా. నా బండి చప్పుడు మీకు వినపడదులే, మీ డీఐ ఆపేసి వినండి.