సంక్రాంతికి పిల్లకాయలకి ఏం పనులు చెప్పొచ్చు?

మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె, ఉండేది బెంగళూరులో. పాపకి 11, బాబుకి 6. పండక్కి ఊరికి పోతే ఇద్దరూ ఫోన్లు పట్టుకుని మంచం దిగరు. నిరుడు పాప పేడ ముట్టుకోనంది. బాబు మాత్రం గొబ్బెమ్మకి గుమ్మడిపువ్వు గుచ్చి, అది వాలిపోతుందని పొద్దంతా కాపలా కూర్చున్నాడు! అరిసెలు చేసేటప్పుడు మా అమ్మ పొయ్యి కాడికి రానీలేదు. పాకం కదా, ఆమె భయం నిజమే. కానీ వేయించి తీసిన అరిసెని చెక్కలతో వత్తే పని పాపకి ఇవ్వచ్చా? చేయించినవాళ్లు చెప్పండి.

ఇంకోటి. 'కోతల పండగంటివే, కోతలేవి?' అనడిగింది పాప. మా వైపు సంక్రాంతికి పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది, కోతలు మార్చి, ఏప్రిల్‌లో. ఏం చెప్పాలో తోచలా. మీరైతే ఏం చెప్తారు?

కనుమనాడు ఎడ్లు కడిగిద్దామంటే ఇంట్లో ఉండేది ట్రాక్టరే. దానికే పసుపు కుంకుమ పెట్టిస్తే సరిపోద్దా? సంక్రాంతప్పుడు ఏటి ఒడ్డున చేసుకునే ఏటి పండక్కి పెన్న గట్టుకి ఎట్లాగూ తీసుకుపోతా, అక్కడ ఇసకుంటే చాలు వీళ్లకి.