వాడేసిన పామాయిల్ కలిపిన డీజిల్: చలికి ఫిల్టర్ మూసుకుపోతోంది, ఏం చేయాలి?

కారు పాతది, కామన్ రైల్ (కొత్త డీజిల్ కార్లలో ఉండే హై ప్రెషర్ ఇంజెక్షన్) కాదు. రోటరీ పంపు (ఇంజెక్టర్లకు డీజిల్ పంపే పాతరకం పంపు), ప్రీ చాంబర్ (డీజిల్ ముందుగా చిన్న గదిలో అంటుకునే) ఇంజన్. మా బజ్జీల బండిలో మిగిలిన పామాయిల్‌ను వారం పాటు తేరనిచ్చి, 5 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, డీజిల్‌లో 30 శాతం వరకు కలుపుతున్నాను. ఎండాకాలమంతా ఏ టెన్షన్ లేదు. డిసెంబర్ వచ్చాకే తంటా.

హైదరాబాద్‌లో పొద్దున 14 డిగ్రీలుంటే బండి మామూలుగానే స్టార్టవుతుంది. నాలుగైదు కిలోమీటర్లు వెళ్లాక పికప్ పోయి 40 దాటదు. ఫిల్టర్ విప్పితే పేరిన నెయ్యిలా తెల్లటి ముద్ద. వేడినీళ్లలో పెట్టి మళ్లీ బిగిస్తే కాసేపు బాగుంటుంది. మధ్యాహ్నం అదే ఫిల్టర్‌తో ఏ ఇబ్బందీ ఉండదు.

కొత్త ఫిల్టర్ వేశాను. నూనెను మూకుడులో కాచి చూశాను, చిటపటలు లేవు, అంటే నీళ్లు లేనట్టే. నూనెను 20 శాతానికి తగ్గిస్తే పికప్ పోవడం కాస్త ఆలస్యమైంది, అంతే. నూనెను రసాయనాలతో మార్చి బయోడీజిల్ చేసుకోమంటారేమో, పామాయిల్‌తో చేసినదీ దాదాపు ఇదే చలికి మసకబారుతుంది.

రేడియేటర్ వేడినీటి పైపుతో ఫిల్టర్ ఒక్కదాన్ని వేడి చేస్తే సరిపోతుందా, లేక ట్యాంకు, ఫ్యూయల్ లైను కూడా వేడి చేయాల్సిందేనా? చేసి చూసినవాళ్లు చెప్పండి.