పెంటికల మీద పసుపు గిన్నెలు: “కుందేలు చెవి” పుట్టగొడుగు ఇదేనా?

సరుగుడునీడ:
అంతర్వేది వైపు సరుగుడు తోటలో, వానలు పడ్డాక ఇసుక మీది పెంటికలపై చిన్న పసుపు గిన్నెలు లేచాయి. రెండు మిల్లీమీటర్లుంటాయేమో. లోపల నల్లటి చుక్కలు. కుందేలు చెవిలాంటి పుట్టగొడుగు ఒకటుందని చదివాను, అదేనా? అసలివి చెవులపిల్లి పెంటికలా, మేకవా? ఇంట్లో పెంచి చూడొచ్చా?

లంకగడ్డి:
ముందు పెంటిక సంగతి తేల్చుకోండి. మేకది కోలగా, నున్నగా, నల్లగా ఉంటుంది. చెవులపిల్లిది గుండ్రంగా, కాస్త అణిగి, ఎండితే ఎండుగడ్డి రంగుకొస్తుంది. పుల్లతో చిదిపితే గడ్డి ముక్కలే రాలతాయి. మన అడవి కుందేలు లెపస్ నైగ్రికాలిస్, అంటే నల్లమెడది. మెడ వెనక ఆ మచ్చ కనబడుతుంది. ఇది బొరియ తవ్వదు, గడ్డి దుబ్బులో పడుకుంటుంది. 1972 వన్యప్రాణి చట్టం దీన్ని కాపాడుతోంది, పెంటికలు ఏరేటప్పుడు దాన్ని లేపకండి.

మీరు చదివింది ఒటీడియా అయ్యుంటుంది. అది అడవి నేల మీద సెంటీమీటర్ల ఎత్తు లేస్తుంది, ఒక పక్క నిలువునా చీలి ఉంటుంది కాబట్టి చెవి పోలిక. మీరు చెప్పిన కొలతకి అది కుదరదు.

భూతద్దం:
ఇది ఆస్కోబోలస్ అనే, పెంటికల మీద మొలిచే గిన్నె పుట్టగొడుగులా ఉంది. ఆ నల్ల చుక్కలు పండిన బీజాల తిత్తులు, ఒక్కోదాంట్లో సాధారణంగా ఎనిమిది బీజాలు. గిన్నె ఆ బీజాలను వెలుతురు వైపు చిమ్ముతుంది, అవి గడ్డికి అంటుకుంటాయి. కుందేలు ఆ గడ్డి మేస్తుంది, బీజం కడుపులో చావకుండా పెంటికతో బయటికొస్తుంది. చెవి పోలిక కన్నా నాకు ఈ చుట్టరికమే గొప్పగా అనిపిస్తుంది.

పెంచాలంటే వెడల్పు మూతి గాజు సీసాలో రెండు పొరల టిష్యూ పేపరు వేసి, కాచి చల్లార్చిన నీటితో తడపండి. సీసా వంచితే నీళ్ళు కారకూడదు. ఐదారు పెంటికలు ఎడంగా పెట్టి, మూత వదులుగా ఉంచి, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టండి. మొదటి వారంలో పిలోబోలస్ అనే మరో బూజు వస్తుంది: గాజుపూస లాంటి కాడ, నెత్తిన నల్ల టోపీ. గిన్నెలకు రెండు మూడు వారాలు ఆగాలి. నీళ్ళెక్కువైతే బాక్టీరియా పట్టి పెంటికలు జిగురెక్కి కంపుకొడతాయి. పాలిథిన్ కవర్లో తెచ్చినా చెమ్మపట్టి మామూలు బూజు కమ్మేస్తుంది, కాగితం పొట్లంలో తెండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

కొబ్బరిడొక్క:
గిన్నెలో చుక్కలు కాక పప్పుబద్దల్లాంటి బిళ్ళలుంటే అది సయాతస్ అనే వేరే పుట్టగొడుగు. కుళ్ళిన కొబ్బరి డొక్కల మీదా వస్తుంది. వాన చినుకు పడితేనే బిళ్ళ ఎగురుతుంది, తనంతట చిమ్మలేదు.

సరుగుడునీడ:
బిళ్ళలు లేవు, చుక్కలే. ఇంకేదైనా రుజువు?

భూతద్దం:
గిన్నెకి సెంటీమీటరు పైన శుభ్రమైన గాజు పలక రాత్రంతా ఉంచండి. పొద్దున పది రెట్ల లెన్స్‌తో చూస్తే, పండిన గిన్నె అయితే పలక మీద ఊదారంగు చుక్కలుంటాయి.