బిల్లు ఫొటో లేని రివ్యూని ఉంచాలా, తీసేయాలా?

వాల్తేరు మాస్టారు:
ఇక్కడ రివ్యూలు చూసి వస్తువులు కొంటున్న మనవాళ్లందరి ముందూ ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ఇకమీదట బిల్లు ఫొటో లేని రివ్యూని తీసేయాలి. ఎందుకంటే, నిరుడు ఏప్రిల్‌లో ‘సూపర్ ఏసీ, ఐసులా చల్లగా ఉంది’ అని ఇక్కడ వరసగా ఫైవ్ స్టార్లు చూసి ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాను. మాది విశాఖలో పెదవాల్తేరు. డాబా ఎక్కితే సముద్రం కనబడుతుంది. సరిగ్గా 14వ నెలలో చల్లదనం పోయింది. మెకానిక్ అవుట్‌డోర్ యూనిట్ విప్పి సబ్బునురగ రాస్తే కాయిల్, అంటే గ్యాస్ తిరిగే గొట్టం, వంపు దగ్గర బుడగలు బుసబుసా పొంగాయి. దాని చుట్టూ ఉండే సన్నటి రేకు రెక్కల్ని వేలితో తాకితే తెల్లటి పొడిలా రాలాయి. కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ, కాయిల్‌కి ఏడాదేనట. ఆ స్టార్లు వేసినవాళ్లలో నిజంగా డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఎందరు? 2022 నవంబరులో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వాళ్లు ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు ప్రచురించకూడదని అందులో ఉంది. మనం ఆ మాత్రం కట్టుబాటు పెట్టుకోలేమా?

గాజువాక బాబాయ్:
మాస్టారి మాటే నా మాట. బిల్లు లేకపోతే రివ్యూ లేదు.

రుషికొండ ఎనిమిదో ఫ్లోర్:
బిల్లు మీద ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు ఉంటాయి. నేను పెట్టను.

ఉప్పుగాలి:
మాస్టారూ, అక్కయ్యపాలెంలో 19 ఏళ్లుగా ఏసీ పని చేస్తున్నాను. బిల్లు ఉన్నా మీకు ఈ నష్టం తప్పేది కాదు. ఆ రివ్యూలు ఇప్పుడే మళ్లీ చదివాను. దాదాపు అన్నీ బిగించిన వారంలోపు రాసినవే. కొత్తలో ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. వాళ్లు అబద్ధమాడలేదు, తెలిసినంత రాశారు. ఒకాయన ఇల్లు మధురవాడ, కొండ అవతల. మీదేమో సముద్రానికి ఎదురు. రాగి గొట్టాన్ని ఆనుకుని అల్యూమినియం రెక్కలు ఉంటాయి. మధ్యలో ఉప్పు తేమ చేరితే ముందు అల్యూమినియాన్ని తినేస్తుంది. అదే మోడల్ హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి నడవొచ్చు. కాబట్టి మనకి కావాల్సింది వేరే. ఇల్లు ఎక్కడ, ఎన్నో అంతస్తు, యూనిట్ సముద్రం వైపు ఉందా, కొని ఎన్ని నెలలైంది, మధ్యమధ్య మంచినీళ్లతో కడిగారా లేదా, ఇవన్నీ రాయాలి. ఆరు నెలలు గడిచాక మళ్లీ వచ్చి రెండు లైన్లు కలపాలి. పెడితే ఈ రూల్ పెట్టండి.

వాల్తేరు మాస్టారు:
మీరు చెప్పినవన్నీ రాయించవచ్చు, కాదనను. కానీ కొననివాడు ఆ నెలల లెక్క కూడా కల్పించి రాస్తాడు కదా? ముందు కొన్నాడని రుజువు కావాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

సీతమ్మధార:
ఐఎస్ 19000 తప్పనిసరి కాదు, స్వచ్ఛందం. రాసినవాళ్లు ఎవరో నిర్ధారించుకోవడానికి అందులో చెప్పినవి ఈమెయిల్, ఫోన్, ఎస్సెమ్మెస్ లాంటి మార్గాలు.

వాల్తేరు మాస్టారు:
తప్పనిసరి కాదని మంచి పని మానేస్తామా? అమ్మేవాడే కొన్నవాడిలా నటించి రివ్యూ రాయకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. అయినా రాస్తున్నారు. బిల్లు అడిగితే అలాంటివాళ్లు వెనక్కి తగ్గుతారు.

ఉప్పుగాలి:
అమ్మేవాడికి బిల్లు పుట్టించడం ఎంతసేపండీ? బిల్లు బుక్కు వాడి దగ్గరే ఉంటుంది.

మద్దిలపాలెం టిఫిన్:
మా అమ్మ చాలా ఏళ్లుగా టిఫిన్ బండి నడుపుతోంది. ఒకరోజు పదిన్నరకి వచ్చినాయనకి చట్నీ అయిపోయిందని చెప్పింది. ఆయన సింగిల్ స్టార్ ఇచ్చి ‘శుభ్రత లేదు’ అని రాశాడు. ఏం శుభ్రంగా లేదో ఒక్క ముక్క కూడా లేదు. అమ్మకి చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. మర్నాడు బండి ముందు గచ్చు రెండుసార్లు కడిగింది. తిన్న ప్రతి ఒక్కరినీ ‘బాగుందా బాబూ?’ అని అడగడం మొదలెట్టింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది. ప్లేటు ఇడ్లీకి బిల్లు ఎవరిస్తారు? మాస్టారు చెప్పిన రూల్ పెట్టండి. అప్పుడైనా బండి వాళ్ల జోలికి రారు.

వాల్తేరు మాస్టారు:
చూశారా, అమ్మాయి కూడా నా వైపే.

మద్దిలపాలెం టిఫిన్:
మీ వైపు కాదు మాస్టారూ. ఆ నాలుగు ముక్కలు రాసేటప్పుడు అవతల ఒక మనిషి బతుకు ఉందని గుర్తుంచుకోమంటున్నాను.

వాల్తేరు మాస్టారు:
సరేనమ్మా. కానీ ఉప్పుగాలి గారికి ఒక మాట. మీరు మెకానిక్ కాబట్టి తప్పంతా సముద్రం మీదికి తోస్తున్నారు. కంపెనీల్ని వెనకేసుకు రాకండి.

ఉప్పుగాలి:
కంపెనీని వెనకేసుకొచ్చానా? ఇన్నాళ్లూ ఊరుకున్నాను, ఇప్పుడు చెబుతాను. మీరు రాసిన రివ్యూలో కంపెనీ గురించి రెండు లైన్లు, సర్వీసుకొచ్చిన కుర్రాడి గురించి 14 లైన్లు ఉన్నాయి. పేరు రాశారు, ఫొటో పెట్టారు, ‘మోసగాడు’ అన్నారు. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. కాయిల్ పోయిందని మొదటి రోజే ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాడు. గ్యాస్ నింపి వచ్చేయమన్నది వాళ్లు. కారుతున్న గొట్టంలో గ్యాస్ నిలవదని వాడికి తెలియదా? వాడికి జీతం లేదు, కాల్‌కి ఇంతని ఇస్తారు. మీ రివ్యూ చూశాక నెల రోజులు ఒక్క కాల్ కూడా ఇవ్వలేదు. ఆ రివ్యూ బిల్లు పెట్టే రాశారు కదా మాస్టారూ? మరి అది సరైన రివ్యూ అయిందా?

గాజువాక బాబాయ్:
ఇదేంటి, గొడవ ఎక్కడికో పోయింది.

మద్దిలపాలెం టిఫిన్:
ఎక్కడికీ పోలేదు బాబాయ్. అసలు గొడవ ఇదే.

వాల్తేరు మాస్టారు:
ఆ కుర్రాడికి కాల్స్ ఆపేశారని నాకు ఈ క్షణం వరకూ తెలియదు. తెలిసుంటే పేరు రాసేవాణ్ని కాదు. కానీ నా గోడు కూడా వినండి. కస్టమర్ కేర్‌కి 11 సార్లు చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, మొదటి నుంచీ మళ్లీ చెప్పుకోవాలి. ‘మీ ఫిర్యాదు నమోదైంది సార్’ అని పెట్టేస్తారు. గ్యాస్‌కి రెండుసార్లు డబ్బు కట్టాను. మా ఆవిడకి మోకాళ్ల ఆపరేషన్ అయి, మే నెల ఎండల్లో మంచం దిగలేని రోజులవి. ఇంత వ్యవహారంలో నాకు పేరు తెలిసినవాడు, నా గుమ్మం ముందు నిలబడ్డవాడు ఆ కుర్రాడొక్కడే. ఇంకెవరి మీద రాయను?

దొండపర్తి:
మాస్టారూ, ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. గొడవ పుట్టిన రెండేళ్లలోపు వేయాలి.

ఉప్పుగాలి:
మీ బాధ ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. నేనూ గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి. మీరు ఫోన్ చేసిన ఆ 11 తేదీలు, ఫిర్యాదు నంబర్లు రివ్యూలో రాయండి. పేరు లేని వాళ్లకి అదే పేరు. కుర్రాడి పేరు తీసేయండి.

గాజువాక బాబాయ్:
దీనికి మాత్రం నేను ఒప్పుకోను. మా ఇంటికొచ్చినవాడు పాత కెపాసిటర్ బిగించి కొత్తదని డబ్బు తీసుకున్నాడు. వాడి పేరు కూడా రాయొద్దా?

ఉప్పుగాలి:
కెపాసిటర్ ఫొటో పెట్టండి. చాలావాటి మీద తయారైన తేదీ ఉంటుంది. పేరు కంపెనీకి రాయండి.

గాజువాక బాబాయ్:
కంపెనీ వాళ్లు చదువుతారా? నేను పేరు రాస్తాను.

మద్దిలపాలెం టిఫిన్:
మోసం కళ్లతో చూసి రాయడం వేరు, కోపంలో ఎవరు దొరికితే వాళ్ల మీద రాయడం వేరు బాబాయ్. మా అమ్మ విషయంలో జరిగింది రెండోది.

వాల్తేరు మాస్టారు:
పాత రివ్యూ తీసేశాను, ఫొటో కూడా. కొత్తగా రాసింది ఇది:
‘పెదవాల్తేరు, రెండో అంతస్తు. అవుట్‌డోర్ యూనిట్ తూర్పుకి, సముద్రం వైపు ఉంది. 13 నెలలు బాగా చల్లబరిచింది, కరెంటు బిల్లు అనుకున్నంతే వచ్చింది. 14వ నెలలో కాయిల్ కారింది. కాయిల్‌కి వారంటీ ఏడాదే. రెండుసార్లు గ్యాస్ నింపారు, రెండుసార్లూ పది రోజుల్లోపే పోయింది. కాయిల్ మార్చాలని ఆఫీసు నుంచి ఎవరూ చెప్పలేదు. చివరికి సొంత డబ్బుతో మార్పించాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసిన తేదీలు కింద ఇచ్చాను. యూనిట్‌ని నేను ఒక్కసారి కూడా కడగలేదు. కడగాలని అమ్మినవాళ్లు చెప్పలేదు.’

రుషికొండ ఎనిమిదో ఫ్లోర్:
ఇది ముందే చదివుంటే మా బాల్కనీలో యూనిట్ వేరే వైపు పెట్టించేదాన్ని.

ఉప్పుగాలి:
బాగుంది మాస్టారూ. కాయిల్ రెక్కలకి ఉప్పు తినేయకుండా వేసే కోటింగ్ ఉందో లేదో రాయలేదు. రంగు చూస్తే తెలుస్తుంది. నీలమా, బంగారు రంగా, ఉత్త వెండి రంగా? బీచ్ వైపు వాళ్లకి అది తెలియాలి.

వాల్తేరు మాస్టారు:
విప్పిన పాత కాయిల్ డాబా మీదే పడుంది. తెల్లారాక చూసి రాస్తాను. బిల్లు సంగతి మాత్రం నేను వదల్లేదు. నంబర్లు కనబడకుండా చేసి పెట్టడానికి మీకు అభ్యంతరమేంటో రేపు చెప్పండి.